ఒక్క ‘కె’ అక్షరం, మూడు పీఎఫ్ ఖాతాలు: బొమ్మనహళ్లిలో ఒక కేస్ స్టడీ

2024 ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఉదయం బెంగళూరు బొమ్మనహళ్లిలోని మా సహాయ కేంద్రానికి ఒక గార్మెంట్ కార్మికురాలు వచ్చారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్ కార్డు, రేషన్ కార్డు, నలిగిపోయిన వేజ్ స్లిప్పులు, వాటన్నిటి పైన అప్పటికే నింపిపెట్టిన ఒక ఆధార్ సవరణ ఫారం ఉన్నాయి. బీఎస్సీ నర్సింగ్ చదువుతున్న కూతురి రెండో ఏడాది ఫీజు కోసం ఆమె పీఎఫ్ అడ్వాన్సుకు పెట్టుకున్నారు. అది రిజెక్ట్ అయింది. “సైబర్ సెంటర్ అబ్బాయి ఆధార్‌లో పేరు మార్చమన్నాడన్నా. మారిస్తే పీఎఫ్ దుడ్డు వస్తాదంట. రేపు పోయి ఏలిముద్ర వేస్తే అయిపోతాదన్నాడు. నువ్వొక తూరి చూసి చెప్పు” అన్నారు.

ఆ ఫారం సోమవారం వెళ్లి ఉంటే ఏం జరిగేదో ముందే చెబుతాను, ఎందుకంటే ఈ కేసుకు కీలకం అక్కడే ఉంది. ఆధార్‌లో పేరును జీవితకాలంలో 2 సార్లు, పుట్టిన తేదీని ఒక్కసారి మాత్రమే మార్చుకోనిస్తారు. పేరుకు ఉన్న ఆ రెండు అవకాశాల్లో ఒకటి ఆ రోజుతో ఖర్చయిపోయేది. సైబర్ సెంటర్ రాసిన కొత్త పేరు ఆమె పాత పీఎఫ్ ఖాతాతో సరిపోయేదే కానీ, ఇప్పుడు పనిచేస్తున్న ఫ్యాక్టరీ తెరిచిన ఖాతాతోనూ బ్యాంకు ఖాతాతోనూ సరిపోకుండా పోయేది. ఇంతా జరిగాక అడ్వాన్సు మళ్లీ రిజెక్ట్ అయ్యేది, ఎందుకంటే అది ఆగిన కారణం పేరు కాదు.

నేను కదిరి ప్రాంతం నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడినవాణ్ణి. ఒక సంస్థ డేటాను మరో సంస్థ డేటాతో కలిపే సాఫ్ట్‌వేర్ పని 14 ఏళ్లుగా చేస్తున్నాను. బేగూరు రోడ్డు పక్క సందులో అద్దెకు తీసుకున్న గదిలో మేం నలుగురం ఆదివారాలు మాత్రమే కూర్చుంటాం, ఫ్యాక్టరీలకు సెలవు ఆ ఒక్క రోజే కనుక. వచ్చేవారిలో ఎక్కువమంది హిందూపురం, మడకశిర, పెనుకొండ, కదిరి వైపు తెలుగువారు. ఈ కేసును ఆమె అనుమతితోనే రాస్తున్నాను. అసలు పేరు రాయడం లేదు. చిక్కు అంతా పేరులోనే ఉంది కాబట్టి అదే తీరులో ఉండే ‘కోనేటి వెంకటలక్ష్మి’ అనే పేరును, భర్తకు ‘కృష్ణప్ప’ అనే పేరును ఉదాహరణకు తీసుకుంటున్నాను. ఊరు, ఫ్యాక్టరీలు, బ్యాంకు పేర్లు కూడా చెప్పను.

గార్మెంట్ ఆడవాళ్లకు పీఎఫ్ అంటే ఏమిటో ఈ నగరం ఒకసారి కళ్లారా చూసింది. ఉద్యోగం మానిన తర్వాత యజమాని వాటాను 58 ఏళ్ల వరకు తీసుకోకుండా ఆపుతూ 2016 ఫిబ్రవరిలో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌కు వ్యతిరేకంగా ఆ ఏడాది ఏప్రిల్‌లో వేలాదిమంది కార్మికులు ఫ్యాక్టరీల నుంచి బయటకు వచ్చి హొసూరు రోడ్డును దిగ్బంధించారు; ఒకటి రెండు రోజుల్లోనే ప్రభుత్వం దాన్ని వెనక్కు తీసుకుంది. ఈమె కూడా ఆ రోజు రోడ్డు మీద ఉన్నారు. చీటీ పాట, మెడలో ఉన్న కాస్త బంగారం పక్కన పెడితే ఆమెకున్న పొదుపు ఇదొక్కటే. అందుకే పీఎఫ్ రికార్డులో వచ్చే చిన్న తేడాను నేను కాగితాల చిక్కుగా ఎప్పుడూ చూడలేను.

కవరులో ఉన్న పేర్లు

మా దగ్గర ఒక నియమం ఉంది. ఎవరు ఏ పని మీద వచ్చినా, ముందు వారి కాగితాలన్నీ బల్ల మీద పరిచి, ఏ రికార్డులో పేరు ఎలా ఉంది, తేదీ ఏముంది, ఫోన్ నంబరు ఏది అనేది ఒక తెల్ల కాగితం మీద గళ్లు గీసి రాస్తాం. అక్షరం అక్షరం, ఖాళీ ఖాళీ, ఉన్నదున్నట్టు ఎత్తి రాయాలి, సరిచేసి రాయకూడదు. ఈ పనికి గంట పైగా పడుతుంది. ఆ గంట తర్వాత కానీ పోర్టల్ తెరవం.

ఊరి బడి ఇచ్చిన టీసీలో ఆమె ‘కె. వెంకటలక్ష్మి’. అది తెలుగులో, చేతిరాతలో ఉంది. 2012లో బెంగళూరులోనే తీసుకున్న ఆధార్‌లో ఇంగ్లీషులోనూ కన్నడంలోనూ ‘కోనేటి వెంకటలక్ష్మి’. కర్ణాటక రేషన్ కార్డులో ‘వెంకటలక్ష్మమ్మ’. ఇంటిపేరు లేదు, చివర అమ్మ చేరింది. బ్యాంకులో ‘వెంకటలక్ష్మి కోనేటి’. మొదటి ఫ్యాక్టరీ 2008లో తెరిచిన పీఎఫ్ ఖాతాలో ‘వెంకటలక్ష్మమ్మ కె’. రెండో ఫ్యాక్టరీ 2013లో తెరిచిన ఖాతాలో ‘వెంకటలక్ష్మి కృష్ణప్ప’. ఇప్పటి ఫ్యాక్టరీ 2019లో తెరిచిన ఖాతాలో, ఆధార్‌లో ఉన్నట్టే ‘కోనేటి వెంకటలక్ష్మి’.

వీటిలో తప్పుడు పేరు ఏది అని అడిగితే, మన వాడుక తెలిసిన ఎవరూ ఏ ఒక్కదాన్నీ తప్పు అనలేరు. తెలుగువారికి ‘కె’ అంటే ఇంటిపేరు. అది పేరుకు ముందు వస్తుంది. కన్నడ వాడుకలో పేరుతో కలిసే అక్షరం ఎక్కువగా తండ్రి పేరుదో, ఊరి పేరుదో, పెళ్లయిన ఆడవారికి భర్త పేరుదో అవుతుంది. రెండో ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో ఫారం నింపిన గుమాస్తా ‘కె’ను చూసి, పక్క గడిలో భర్త పేరు కృష్ణప్ప అని ఉండటం చూసి, పొడి అక్షరాన్ని తనకు తోచినట్టు విప్పి రాశారు. ఆధార్ నమోదు చేసినవారు ఆమెనే నోటితో అడిగారు కాబట్టి అదే ‘కె’ కోనేటి అయింది. ఒకే అక్షరం రెండు చోట్ల రెండు మాటలుగా విచ్చుకుంది. ‘అమ్మ’ చేరడమూ అంతే: పెళ్లయి బిడ్డలున్న ఆడమనిషిని ఇక్కడి వీధిలో వెంకటలక్ష్మి అని ఎవరు పిలుస్తారు? రేషన్ కార్డు రాసినాయన పిలిచినట్టే రాశారు.

ఇంకొక సంగతి గమనించాను. మన లిపికీ కన్నడ లిపికీ ఉన్న దగ్గరితనం వల్ల ఆ రెండింటిలో ఆమె పేరు ఎక్కడా చెడలేదు. ‘వెంకటలక్ష్మి’ని ఎవరు రాసినా ఒకేలా ఉంది. ఇంగ్లీషులోకి దిగేసరికి లక్ష్మిని ‘కె, ఎస్, హెచ్’ అక్షరాలతో ఒకరు, ‘ఎక్స్’తో ఒకరు, చివర ‘ఐ’తో ఒకరు, ‘ఈ’ రెండుసార్లు వేసి ఒకరు రాశారు; వెంకటకూ లక్ష్మికీ మధ్య ఒక చోట ఖాళీ వచ్చింది, మరో చోట రాలేదు. కంప్యూటర్లు సరిపోల్చేది మాత్రం ఎక్కువగా ఈ ఇంగ్లీషు గడినే.

పేర్లను సరిపోల్చే పాత పద్ధతులు మనవంటి పేర్లకు ఎందుకు పనికిరావో నా ఉద్యోగంలో చాలాసార్లు చూశాను. 1918లో అమెరికాలో పేటెంటు పొందిన సౌండెక్స్ పద్ధతి పేరులోని మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి మిగతా హల్లులను అంకెలుగా మారుస్తుంది. ఇంటిపేరు ముందుకు వచ్చిందంటే మొదటి అక్షరమే మారిపోతుంది. 1965లో రష్యన్ గణితవేత్త లెవెన్‌ష్టీన్ ప్రతిపాదించిన కొలత, ఒక మాటను మరో మాటగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలో తీయాలో మార్చాలో లెక్కిస్తుంది. ‘కోనేటి వెంకటలక్ష్మి’, ‘వెంకటలక్ష్మి కోనేటి’ మనకు ఒకే పేరు, ఆ లెక్కలో మాత్రం చాలా దూరం. ఆధార్ ప్రామాణీకరణ సాంకేతిక పత్రాల్లో పేరును పూర్తిగా సరిపోల్చే పద్ధతితో పాటు పాక్షికంగా సరిపోల్చే పద్ధతీ, స్థానిక భాషలోని పేరును సరిపోల్చే వీలూ ఉన్నాయి. ఆ గడులను తయారు చేసినవారికి ఈ దేశపు పేర్ల సంగతి తెలుసు. వాటిని ఎంతవరకు వాడుకుంటారన్నది ఆ సేవను వాడే సంస్థ చేతిలో ఉంటుంది.

అలాగని సరిపోలిక పట్టును వదులు చేయమనడం లేదు. హిందూపురం వైపు వెంకటలక్ష్మి లేని వీధి ఉండదు. ఒకే ఫ్యాక్టరీలో, ఒకే లైనులో ఇద్దరు ముగ్గురు ఉంటారు. పట్టు వదిలితే ఒకరి దుడ్డు మరొకరి ఖాతాలో పడుతుంది, అది ఇంకా పెద్ద అన్యాయం.

ఒక మనిషి, రెండు యూఏఎన్‌లు

ఒక కార్మికుడు ఎన్ని ఉద్యోగాలు మారినా పీఎఫ్ సభ్యత్వం ఒకే నంబరు కింద ఉండాలని 2014లో 12 అంకెల యూఏఎన్ (యూనివర్సల్ అకౌంట్ నంబర్) వచ్చింది. ఆమె రెండో ఫ్యాక్టరీలో ఉండగానే ‘వెంకటలక్ష్మి కృష్ణప్ప’ పేరు మీద ఒక యూఏఎన్ వచ్చింది. 2019లో మూడో ఫ్యాక్టరీలో చేరినప్పుడు ఆ నంబరు ఇచ్చారు, ఆధార్‌తో సరిపోలలేదు. అక్కడి హెచ్.ఆర్. విభాగం పాత పేరును సరిదిద్దించకుండా, ఆధార్ పేరుతో కొత్త యూఏఎన్ తీసుకుంది. చేరిన రోజే పని మొదలవ్వాలి, జీతం పడాలి, ఆ తొందర వారిది. ఆమెకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. మొదటి ఫ్యాక్టరీ 2012 చివర్లో మూతపడింది. అది యూఏఎన్ లేని కాలం కాబట్టి, ఆ నాలుగేళ్లకు మిగిలిన ఆధారం పాత వేజ్ స్లిప్పు మీద ఉన్న పీఎఫ్ ఖాతా నంబరు ఒక్కటే.

అడ్వాన్సు ఎందుకు రిజెక్ట్ అయిందో అప్పుడు అర్థమైంది. పిల్లల పై చదువుకు పీఎఫ్ తీసుకోవాలంటే అప్పటి నిబంధన ప్రకారం 7 ఏళ్ల సభ్యత్వం ఉండాలి, సొంత వాటాలో సగం వరకు ఇస్తారు. ఇప్పటి యూఏఎన్ కింద ఆమెకు కనిపిస్తున్నది 5 ఏళ్లు. పాత సర్వీసును దానిలోకి బదిలీ చేయమని సైబర్ సెంటర్ అంతకుముందు పెట్టిన దరఖాస్తు వేరు. అది పేరు తేడా వల్ల ఆగింది. ఈ రెండు తిరస్కారాలను కలిపి ఒక్కటిగా చదువుకొని, ఆ అబ్బాయి ఆధార్ ఫారం నింపాడు. అతన్ని నిందించలేను. రెండు సందేశాలూ ఫోన్ తెరమీద ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి, రెండింటిలోనూ రిజెక్ట్ అనే మాటే ముందు కంటబడుతుంది.

అయితే అసలు నష్టం అడ్వాన్సులో లేదు, పెన్షన్‌లో ఉంది. యజమాని కట్టే 12 శాతంలో 8.33 శాతం 1995 నాటి ఉద్యోగుల పెన్షన్ పథకానికి వెళ్తుంది. మొత్తం సర్వీసు 10 ఏళ్లు నిండితే 58 ఏళ్ల నుంచి నెలనెలా పెన్షన్. నిండకపోతే ఆ మొత్తాన్ని ఒకేసారి తీసుకొని వెళ్లిపోవడమో, సర్వీసును తర్వాతి ఉద్యోగానికి మోసుకెళ్లే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోవడమో చేయాలి. ఆమెకు మూడు చోట్ల కలిపి దాదాపు 15 ఏళ్ల సర్వీసు ఉంది. విడివిడిగా చూస్తే ఎక్కడా 10 లేదు. పాత ఖాతాలను వేటికవి ‘క్లోజ్’ చేసి దుడ్డు తీసుకోమని చాలామందికి సలహా ఇస్తుంటారు. అలా చేసినవారు పెన్షన్ హక్కును తెలియకుండానే వదులుకుంటారు. 2014 నుంచి కనీస పెన్షన్ నెలకు 1,000 రూపాయలు. అది చిన్న మొత్తమే కానీ, ఊళ్లో ఒంటరిగా ఉండే ముసలితనంలో ఎవరినీ అడగకుండా చేతికి వచ్చే 1,000 రూపాయల విలువ నాకు మా అమ్మను చూసి తెలుసు.

దేన్ని సరిదిద్దాలి

బల్ల మీద గళ్ల కాగితం ముందు మేం ఎక్కువసేపు ఆలోచించింది ఈ ప్రశ్న గురించే. సాధారణంగా వినిపించే సలహా ఆధార్ మార్చమనడం, ఎందుకంటే ఆధార్ కేంద్రం దగ్గర్లో ఉంటుంది, అప్పట్లో 50 రూపాయలతో పని అయ్యేది, పాత యజమాని సంతకం అక్కర్లేదు. కానీ ఆధార్ పేరు మీద ఇప్పటికే ఏమేమి నిలబడి ఉన్నాయో చూడాలి. ఆమెకు కర్ణాటక ప్రభుత్వ గృహలక్ష్మి పథకం కింద నెలకు 2,000 రూపాయలు వస్తున్నాయి. అది రేషన్ కార్డులో ఇంటి యజమానురాలిగా ఉన్న స్త్రీకి, ఆధార్‌తో ముడిపడిన బ్యాంకు ఖాతాలోకి వస్తుంది. ఇప్పటి యూఏఎన్ ఆధార్ పేరు మీద ధ్రువీకరించబడి ఉంది. ఆధార్‌లో పేరు మారిస్తే ఇవి ఆ రోజే ఆగిపోవు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఒక శాఖ ఆధార్‌తో సరిచూసుకున్న రోజున సరిపోయిందని తన పుస్తకంలో రాసుకుంటుంది, ఆధార్‌లో తర్వాత జరిగిన మార్పు ఆ పుస్తకంలోకి దానంతట అది రాదు. మళ్లీ ఈ-కేవైసీ (ఆధార్‌తో వివరాలు సరిచూసుకోవడం) అడిగిన రోజున, రెండేళ్ల తర్వాతైనా సరే, తేడా బయటపడుతుంది. ఆనాటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

కాబట్టి ఎక్కువ రికార్డులు ఏ పేరు మీద నిలబడి ఉన్నాయో ఆ పేరును కదిలించకూడదు, విడిగా ఉన్నదాన్నే దానివైపు తీసుకురావాలి అన్నది మా నిర్ణయం. ఆధార్, ఇప్పటి యూఏఎన్, బ్యాంకు ఒక వైపు ఉన్నాయి. రెండో ఫ్యాక్టరీ ఖాతా, మూతపడిన ఫ్యాక్టరీ ఖాతా మరో వైపు. రేషన్ కార్డులోని ‘వెంకటలక్ష్మమ్మ’ను ఇప్పుడు ముట్టుకోవద్దన్నాను. అది పనిచేస్తోంది, ఆధార్ నంబరుతోనూ వేలిముద్రతోనూ నడుస్తోంది.

పుట్టిన తేదీ సంగతి ఇంతకంటే సున్నితమైనది. ఆధార్‌లో 1982 జనవరి 1, రెండో ఫ్యాక్టరీ ఖాతాలో 1982 జూన్ 1. మొదటిది సంవత్సరం మాత్రమే చెప్పినవారికి పడే తేదీ, రెండోది బడులు తెరిచే కాలాన్ని బట్టి పంతుళ్లు వేసే తేదీ. “నిజంగా ఎప్పుడు పుట్టినావక్కా?” అని అడిగితే “నాగుల చవితి మర్నాడంట. ఏ సంవత్సరమో మా యమ్మకే సరిగా తెలీదు” అన్నారు. అంటే కార్తీక మాసం; రికార్డుల్లో ఉన్న రెండు తేదీలూ ఆమెవి కావు. అయినా పెన్షన్ 58 ఏళ్లకు మొదలవుతుంది కాబట్టి ఏ తేదీ నిలిస్తే ఏమవుతుందో ఆమెకు చెప్పాను. ఆమె ఒప్పుకున్నాకే పీఎఫ్ తేదీని ఆధార్ తేదీ వైపు మార్చాలని రాసుకున్నాం.

పని సాగిన తీరు

మొదటి అడ్డంకి ఓటీపీ. ఆధార్‌తో ముడిపడిన ఫోన్ నంబరు ఎప్పుడో పోయిన పాత సిమ్‌ది. నంబరు మార్చడానికి పత్రాలేవీ అక్కర్లేదు, వేలిముద్రతో ఆధార్ కేంద్రంలో మారుతుంది, కానీ అందుకు ఆమె సగం రోజు జీతం వదులుకోవలసి వచ్చింది. ఇలాంటి ఖర్చు ఏ శాఖ లెక్కల్లోనూ కనిపించదు.

ఆ తర్వాత ఒక తప్పు నేను చేశాను, దాన్ని ఇక్కడ రాయడం అవసరం. ఏప్రిల్‌లో, పాత యూఏఎన్‌లో పేరు సవరణ ఇంకా పెండింగులో ఉండగానే, రెండూ సమాంతరంగా నడుస్తాయనుకొని బదిలీ దరఖాస్తు కూడా పెట్టించాను. అది రిజెక్ట్ అయింది. మళ్లీ పెట్టుకోవడానికి సవరణ ముగిసేదాకా ఆగాల్సి వచ్చింది. నా ఉద్యోగంలో రెండు డేటాబేసుల మధ్య ఏది ముందు, ఏది తర్వాత అన్నది నిర్ణయించకుండా ఒక్క అడుగు వేయను. మనిషి ముందు కూర్చున్నప్పుడు, ఫీజు గడువు దగ్గరపడుతున్నప్పుడు ఆ జాగ్రత్త తప్పింది. అప్పటి నుంచి గళ్ల కాగితం మీద ప్రతి గడి పక్కనా వరుస సంఖ్య వేస్తున్నాం.

పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు వంటి 11 వివరాలను సభ్యుడూ యజమానీ కలిసి సవరించుకునే జాయింట్ డిక్లరేషన్ విధానాన్ని పీఎఫ్ సంస్థ 2023 ఆగస్టులో క్రమబద్ధం చేసింది. మార్పు చిన్నదా పెద్దదా అని చూసి, పెద్దదైతే ఎక్కువ పత్రాలు అడుగుతారు. కృష్ణప్ప పోయి కోనేటి రావడం పెద్ద మార్పే. అక్షర దోషం ఎలా ఉంటుందో అందరికీ తెలుసు; పొడి అక్షరాన్ని తప్పుగా విప్పడం వల్ల ఒక పేరు స్థానంలో మరొక పేరు వచ్చిందని చెప్పడానికి మాకు ఒక పేజీ వివరణ రాయాల్సి వచ్చింది. బడి టీసీలో ఉన్న ‘కె. వెంకటలక్ష్మి’ని, దాంట్లోనే తండ్రి పేరు ముందు పూర్తిగా రాసి ఉన్న ‘కోనేటి’ని పక్కపక్కన చూపించి, ఆ ‘కె’ పెళ్లికి ముందు నుంచీ ఉన్నదే కాబట్టి అది భర్త పేరు కావడానికి వీల్లేదని రాశాం. రెండో ఫ్యాక్టరీ హెచ్.ఆర్.లో ఒక అధికారిణి ఆ పేజీని ఓపికగా చదివి, పాత రిజిస్టరు తీసి, తమ వైపు నుంచి ఆమోదించారు. జూన్‌లో సవరణ పూర్తయింది. ఆగస్టులో బదిలీ అయి రెండు సర్వీసులూ ఒకే యూఏఎన్ కింద కనిపించాయి. సెప్టెంబరులో అడ్వాన్సు ఆమె ఖాతాలో పడింది.

కాలేజీ ఫీజు గడువు జులైలోనే ముగిసింది. ఆమె చీటీని నష్టానికి ఎత్తి కట్టారు.

పుస్తకాల మధ్య దారి

ఈ పనిలో ఉన్నవారితో నేను తరచూ వాదించే విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. శాఖల మధ్య అనుసంధానం జరిగిందని మనం అంటున్న చాలా చోట్ల జరిగింది ఒకరి పుస్తకాన్ని మరొకరు ఒకసారి చూసి నకలు రాసుకోవడం. 2001 నుంచి ఎక్స్-రోడ్ అనే డేటా మార్పిడి వ్యవస్థను నడుపుతున్న ఎస్టోనియాలో పౌరుడి పేరు వంటి మూల వివరాలు జనాభా రిజిస్టరులో ఉంటాయి, వాటి అవసరం పడిన సంస్థ అక్కడ అడిగి తెలుసుకుంటుంది, తన వివరాలను ఎవరు చూశారో పౌరుడు తానే చూసుకోగలడు. అది 14 లక్షల లోపు జనాభా ఉన్న దేశం; పీఎఫ్ కేంద్రానిదీ, రేషన్ రాష్ట్రానిదీ అయిన చోట దాన్ని ఎత్తుకొచ్చి పెట్టమని నేననను. అన్నిటినీ ఒకే పెద్ద పుస్తకంలో కలిపేయమనీ అనను. ఈ నగరంలోనే నివసించిన కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి 2012లో వేసిన పిటిషన్ మీదనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చింది. విడివిడి పుస్తకాలు ఉండటమే ఆ హక్కుకు ఒక రక్షణ. పుస్తకాల మధ్య దారిలో తేడా వచ్చినప్పుడు ఆ తేడాను ముందుగా మనిషికి చూపించే మెట్టు ఒకటి ఉండాలన్నదే నా వాదన.

ఏ శాఖ సేవైనా సరే, సరిపోలలేదని మాత్రం చెప్పి ఆపకూడదు. మా దగ్గర ఉన్న పేరు ఇది, మీరిచ్చినది ఇది, తేడా ఈ మాటలో ఉంది, ఈ తేడా ఇంటిపేరుదా, భర్త పేరుదా, అక్షరాలదా అని అడిగే ఒక తెర పెట్టవచ్చు. ఓటీపీతో తనను తాను నిరూపించుకున్న వ్యక్తికే అది కనిపిస్తుంది కాబట్టి గోప్యతకు భంగం ఉండదు. ఆమెకు ఆ తెర 2019లో, మూడో ఫ్యాక్టరీలో చేరిన రోజే, కన్నడంలోనో తెలుగులోనో కనిపించి ఉంటే ‘కృష్ణప్ప మా ఇంటాయన, నా ఇంటిపేరు కోనేటి’ అని ఒక్క నిమిషంలో చెప్పి ఉండేవారు. రెండో యూఏఎన్ పుట్టేదే కాదు.

చట్టం వైపు నుంచి చూస్తే, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 8వ సెక్షన్, మనిషి మీద ప్రభావం చూపే నిర్ణయానికి వాడే డేటా, మరో సంస్థకు ఇచ్చే డేటా సంపూర్ణంగా, కచ్చితంగా, పొంతనతో ఉండేలా చూడమంటోంది. అదే చట్టం 12వ సెక్షన్‌లోని సవరణ హక్కు మాత్రం సమ్మతి ఇచ్చి పంచుకున్న డేటాకు వర్తిస్తుంది. ప్రభుత్వ పథకాల కోసం సమ్మతి లేకుండానే వాడే వీలున్న డేటాలో తప్పు ఉంటే సామాన్యురాలు ఏ సెక్షన్ పట్టుకొని అడగాలన్నది నన్ను కలవరపెడుతోంది. 2025 నవంబరులో నియమాలు వెలువడ్డాయి కనుక, సహాయ కేంద్రాలు నడిపేవారు ఈ రెండు సెక్షన్లను పక్కపక్కన పెట్టుకొని చదవాలని కోరుతున్నాను.

మిగిలి ఉన్న నాలుగేళ్లు

2025 జనవరిలో పీఎఫ్ సంస్థ సవరణలను ఇంకా సులభం చేసింది; 2017 అక్టోబరు 1 నుంచి ఆధార్ ధ్రువీకరణతో వచ్చిన యూఏఎన్‌లలో చాలా వివరాలను యజమాని ఆమోదం లేకుండానే సభ్యుడు సరిచేసుకోవచ్చు. మంచి మార్పు. ఈమె పాత ఖాతాలు అంతకుముందువి కాబట్టి ఆ సౌకర్యం వాటికి అందదు.

మూతపడిన మొదటి ఫ్యాక్టరీ సర్వీసు ఇంకా కలవలేదు. మూతపడిన సంస్థల విషయంలో యజమాని బదులు గెజిటెడ్ అధికారి, బ్యాంకు మేనేజరు వంటివారు ధ్రువీకరించిన దరఖాస్తును తీసుకుంటారు. బ్యాంకు మేనేజరు సంతకం చేయించాం, అప్పట్లో అదే లైనులో పనిచేసిన ఇద్దరి వాంగ్మూలాలు జతచేశాం, 2010 నాటి వేజ్ స్లిప్పుకు జిరాక్సు తీశాం. స్లిప్పు మడతల దగ్గర చిరిగి, ఖాతా నంబరులో చివరి రెండు అంకెలు సరిగా కనిపించడం లేదు. రెండో, మూడో ఫ్యాక్టరీల ఖాతాలు కలిసినందువల్ల 10 ఏళ్లు ఎలాగూ నిండాయి. పెన్షన్ హక్కు ఆమెకు వచ్చేసింది. అయినా ఆ నాలుగేళ్లను వదలనంటున్నారు.

పోయిన ఆదివారం వచ్చి, ఊరికి వెళ్లినప్పుడు పాత ట్రంకు పెట్టెలో దొరికిందని మరో స్లిప్పు ఇచ్చారు. 2011 మార్చిది. నంబరు పూర్తిగా ఉంది. పేరు గడిలో ‘వెంకటలక్ష్మమ్మ కె’ అని ఉంది. దాన్ని గళ్ల కాగితంలో ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకొని, ఫైలుకు జతచేశాం.